సంతకం కింద గీత

కాలేజీ ఆటగాళ్లకు జీతాలు ఇవ్వాలన్న కొత్త చట్టానికి మా టెరెన్స్ పేరే పెట్టారు. కాలేజీ జట్టుకు ఫుట్‌బాల్ ఆడుతూ మెడ విరిగి చక్రాల కుర్చీలో పడ్డాక, వాడికి ఇంతమంది చప్పట్లు కొట్టడం ఇదే మొదలు.

గవర్నర్ సంతకం చేసి, దాని కింద గీత మాత్రం గీయకుండా వదిలేశాడు. "ఇది నీ చేతి మీదుగానే జరగాలి, చాంపియన్. అమ్మ పట్టుకుంటుందిలే," అన్నాడు కెమెరాల వైపు చూస్తూ.

చచ్చుబడిన వాడి వేళ్లను ఒక్కొక్కటే పెన్ను చుట్టూ మడిచి, పైన నా చెయ్యి వేసి గీయించాను. హాలంతా లేచి నిలబడింది. నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత కేకు పంచుతుంటే కాలేజీ వకీలు నాకు ప్లేటు అందించాడు. వైద్యం ఖర్చుల కోసం మేము వేసిన కేసులో ఇన్నాళ్లూ మాకు అడ్డుపడుతున్నది ఆయనే.

"ఇక మీరు కోర్టు చుట్టూ తిరగక్కర్లేదమ్మా," అన్నాడు మర్యాదగా. "జీతం తీసుకున్నా ఆటగాడు విద్యార్థే, ఉద్యోగి కాడని ఈ చట్టంలోనే రాశారు. పాత కేసులకూ ఇదే వర్తిస్తుంది. ఉద్యోగి కానివాడికి దెబ్బ తగిలితే కాలేజీ ఎందుకిస్తుంది చెప్పండి?"

"మరి ఆ జీతమన్నా వస్తుందిగా మావాడికి?"

"అది ఇప్పుడు ఆడేవాళ్లకమ్మా. కేకు తినండి, బాగుంది."

వ్యాను ఎక్కిస్తుంటే టెరెన్స్ అడిగాడు. "అమ్మా, గీత వంకర పోయిందా?"

"లేదు నాన్నా. తిన్నగానే వచ్చింది."