నీలం దుప్పటి ముందు ఐదు బంతులు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. ఇస్త్రీ కొట్టుగా వాడే ముందు గదిలో బల్ల దగ్గర నాన్న. ఆయన ఇస్త్రీ చేసినవి మడతపెడుతూ మేనత్త. వెనక గదిలో ఐదు బంతులు పట్టుకుని అన్న. అతని ఎదురుగా, స్టూలు మీద ఫోను నిలబెట్టి, ఊపిరి బిగపట్టి కూర్చున్న చెల్లెలు. వీళ్ళు కాక, గోడ మీది మేకులకు వేలాడుతూ ఎవరిదో నీలం దుప్పటి.

దుప్పటి ఇస్త్రీకి వచ్చింది. బంతులూ కొట్లోవే. జత తప్పి మిగిలిపోయిన మేజోళ్ళలో ఇసుక పోసి అత్త కుట్టి ఇచ్చింది.

"ఉల్లిపాయలు తరగమంటే చేతులు నొప్పి. ఉల్లిపాయలంత బంతులు ఎగరేయమంటే మాత్రం పొద్దస్తమానం సిద్ధం," అని ముందు గదిలోంచే చురక అంటించింది అత్త.

"మొదలెట్టనా?" అన్నాడు అన్న.

"ఊఁ, కానీ."

ఊళ్ళు తిరిగి ప్రదర్శనలిచ్చే ఒక బృందం కొత్తవాళ్ళను తీసుకుంటోంది. ఐదు బంతులతో నిమిషం సేపు, మధ్యలో కోత లేకుండా తీసిన వీడియో పంపాలి. పెద్ద వీడియోలను వాళ్ళ పేజీ తీసుకోదు. మొదటిసారి పువ్వుల పరదా ముందు తీసి, చెల్లెలు దాన్ని పిండి పిండి చిన్నది చేసి పంపింది. కుదించేసరికి బంతులన్నీ పువ్వుల్లో కలిసిపోయాయి. అసలు వీడియోను ఫోన్లో చోటు లేదని అప్పటికే చెరిపేసింది. "చేతులు చక్కగా ఊపారు. ఈసారి బంతులతో పంపండి. శుక్రవారం చీకటిపడేదాకా చూస్తాం," అని జవాబొచ్చింది. అన్న పడీ పడీ నవ్వాడు. చెల్లెలు ఆ పూట అన్నం తినలేదు.

ఇవాళే శుక్రవారం. వెనక ఒకే రంగు గుడ్డ ఉండి, ఫోను కదలకుండా ఉంటే ఎంత కుదించినా బంతులు మిగులుతాయని ఈలోగా ఆమె తీసి చూసి తెలుసుకుంది.

బంతులు లేచాయి. చప్, చప్, చప్ అని అరచేతుల్లో వాలుతున్నాయి. కళ్ళు మూసుకున్నా ఆ చప్పుడును బట్టి ఎన్ని తిరుగుతున్నాయో చెప్పగలదు ఆమె. అర నిమిషం దాటింది. అప్పుడు ముందు గదిలోంచి నాన్న గొంతు.

"వీడు పోతే బల్ల దగ్గర నిలబడేదెవరు? నా భుజం లేవడం లేదు. దాన్ని బడి మాన్పించడమే."

"పదో తరగతన్నా కానీయ్ అన్నయ్యా."

"అందాకా నా భుజం ఆగొద్దూ?"

ధబ్. బంతి నేల మీద పడింది.

"ఛ! చెమట," అంటూ అన్న చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

చెల్లెలు ముందు గది వైపు చూసింది. నాన్న ఆ మాట ఆమెకు ముందే చెప్పాడు. ఆమె సరేనంది. అన్నకు మాత్రం చెప్పొద్దని నాన్ననూ అత్తనూ బతిమాలుకుంది.

"నాన్న ఏదో అంటున్నట్టున్నారు, విన్నావా?"

"బంతులు గాల్లో ఉంటే నాకు పిడుగు పడ్డా వినపడదు. ఏమన్నారు?"

"భుజం నొప్పంట. ఇదిగో, వీడియోలో శబ్దం తీసేస్తున్నా. సైజు కూడా తగ్గుతుంది."

"నీ ఇష్టం, డైరెక్టరమ్మా."

వెళ్ళి నాన్నను మెల్లగా మాట్లాడమని చెప్పి వచ్చింది. మళ్ళీ తీసింది. ధబ్. మళ్ళీ తీసింది. ఈసారి రెండు పడ్డాయి. ఒకసారి వెలుగు కళ్ళల్లో కొట్టిందన్నాడు. ఒకసారి ముక్కు దురద పెట్టిందన్నాడు. చెల్లెలు కిటికీ మూసింది, తెరిచింది, బంతుల ఇసుక సర్దింది. చివరికి దేవుళ్ళందరికీ మనసులోనే తలో దణ్ణం పెట్టుకుంది.

పొద్దు వాలుతుండగా దుప్పటి మనిషి వచ్చాడు.

"నా దుప్పటి ఏదమ్మా?"

"మడతలో ఉందండీ, కూర్చోండి," అని అత్త వెనక గదిలోకి తొంగిచూసి గొంతు తగ్గించింది. "ఆయన్ని మాటల్లో పెడతా. ఈ ఒక్కసారీ కానిచ్చెయ్ రా నాయనా."

బంతులు లేచాయి. ఇంత అందంగా అవి తిరగడం చెల్లెలు ఎప్పుడూ చూడలేదు. ఫోన్లో అంకెలు నిమిషానికి దగ్గరపడ్డాయి. ఆనందం పట్టలేక ఆమె పెదవి కొరుక్కుంది. అన్న చూపు బంతుల మీంచి ఒక్క క్షణం ఆమె మొహం మీదికి దిగింది.

ధబ్.

అత్త దుప్పటి ఊడదీసుకుని వెళ్ళింది. వెనక పెచ్చులూడిన గోడ మిగిలింది. గదిలో చీకటి ముసురుతోంది. ఇక్కడి గుడ్డి బల్బు వెలుగులో తీసి కుదిస్తే అంతా బూడిదే.

"నాలుగు బంతులతో పంపుదాం అన్నయ్యా."

"ఐదన్నారు."

"బతిమాలుకుందాం."

"నాకు చేతులూపడమే వచ్చు పొట్టీ. వాళ్ళే అన్నారుగా." నవ్వబోయాడు, కుదరలేదు.

"అంతా నా వల్లే. మొదటిసారే సరిగ్గా పంపి ఉంటే..." ఆమెకు ఏడుపు ఆగలేదు.

"నీ వల్లేం కాదు. నాకు చేతకాలేదు, అంతే. ఇక దీని ఊసెత్తకు."

"మళ్ళీ ఎప్పుడైనా పిలుస్తారేమో..."

"ఎత్తొద్దన్నానా? పో, వెళ్ళి చదువుకో."

భుజాలు పట్టి ఆమెను గడప దాటించి, మొహం మీదే తలుపు మూశాడు.

ఆమె అక్కడే నిలబడిపోయింది. తలుపు వెనక చప్, చప్, చప్ అని మొదలైంది. ఐదు బంతులు. ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అని చెవులు రిక్కించి వింటోంది. ముందు గదిలో నాన్న లైటు వేశాడు. మిగిలిన చొక్కాలన్నీ ఇస్త్రీ చేశాడు. అత్త వాటిని మడతపెట్టి, కొట్టు తలుపులు వేసి, గది ఊడ్చింది.

ఒక్క బంతీ కింద పడలేదు.