గోడ మీద పాట

“ఎడమదా, కుడిదా? ఏది మంచిగ కనబడ్తుందన్నా?” అని అడిగాడు ప్రొజెక్టర్లు అమ్మే శ్రావణ్‌కుమార్.

జయశీలన్ కళ్ళు చికిలించి చూశాడు. శంషాబాద్‌లోని తన ఇంటి పై గదిలో, మిట్టమధ్యాహ్నం పరదాలు మూసిన చీకట్లో, ఎదుటి గోడ మీద రెండు తెల్లటి మసకలు కనిపిస్తున్నాయి. వాటిలో ఏముందో దేవుడికే తెలియాలి. కొన్ని నెలలుగా ఆయనకు లోకమంతా ఇలాగే ఉంది. అద్దాలు మార్చినా అంతే.

ఈ సంగతి బయటపడితే ఇంకేమైనా ఉందా? ఆయన స్కూలు బస్సు డ్రైవరు. ఏళ్ళ తరబడి తోలిన దారే కదా, చేతులే చూసుకుంటాయిలే అని తనకు తానే ధైర్యం చెప్పుకుంటూ నెట్టుకొస్తున్నాడు. మొన్న ఆరాంఘర్ చౌరస్తాలో ఎర్ర లైటు కనబడక ముందుకు పోతే, వెనక పిల్లలు పెట్టిన కేకలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. అయినా స్టీరింగు వదలాలంటే ప్రాణం పోయినట్టుంటుంది. బస్సు లేకపోతే తనను ఎవరు పలకరిస్తారు? అందుకే భార్య డోర్కాస్‌కు కూడా చెప్పలేదు.

ఆవిడేమో ఇంట్లోనే సినిమా హాలు పెట్టుకుందామని ఈ మధ్య ఒకటే పోరు. ఎన్నడూ లేనిది ఇదేం కోరికో ఆయనకు అంతుపట్టలేదు.

శ్రావణ్‌కుమార్ ఏవేవో బొమ్మలు మార్చి మార్చి చూపించాడు. ఒకదానికి వెలుతురు ఎక్కువట, ఇంకోదానికి రంగులు బాగుంటాయట. మాటల మధ్యలో, తన బిడ్డ కూడా అన్న బస్సులోనే బడికి పోతుందని సంబరంగా చెప్పాడు. జయశీలన్ చప్పున మాట మార్చాడు. రెండూ బాగానే ఉన్నాయని దాటేయబోయాడు.

డోర్కాస్ ఊరుకోలేదు. బొమ్మలతో ఏం తెలుస్తుంది, అక్షరాలు చూస్తేనే అసలు సంగతి తేలుతుందని తన ఫోను శ్రావణ్‌కుమార్ చేతికిచ్చింది. కాసేపటికి గోడ మీది మసకలు రెండూ మారాయి.

“చర్చిల తెర మీద పాట ఏస్తరు గద, గట్ల ఏయించిన. చదువుకుంట పాడు, శామ్ బాపూ,” అంది. కొడుకు పేరుతో అలా పిలవడం ఆమెకు అలవాటు.

ఇక దొరికిపోయినట్టే అనుకున్నాడు జయశీలన్.

ఇంతలో స్పీకరులోంచి హార్మోనియం వినిపించింది. హమ్మయ్య, ప్రతి ఆదివారం పాడే పాటే! నిద్రలో లేపి అడిగినా తప్పు పోడు. జయశీలన్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. గోడ వైపు చూస్తూ, అక్షరాల వెంట చూపు నడుపుతున్నట్టు తల ఆడిస్తూ గొంతెత్తి పాడాడు. నడుమ ఒకచోట కావాలనే ఆగి, మాట కూడబలుక్కున్నట్టు నటించాడు కూడా. తన తెలివికి తనకే ముచ్చటేసింది.

పాట అయిపోయింది. “ఎడమదే తీసుకుందాం. అక్షరాలు ముత్యాల లెక్క కనబడ్తున్నయ్,” అన్నాడు.

శ్రావణ్‌కుమార్ లేచి నిలబడ్డ చప్పుడయింది. డోర్కాస్ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

“గోడ మీద పాట లేదు,” అంది. “‘బస్సు తాళాలు నాకిచ్చెయ్’ అని నేనే రాయించిన. దాన్నే నువ్వు మూడు చరణాలు పాడినవ్.”