చుక్కలాయన

“ఇది నాలుగోసారమ్మా. నేను నింపను,” అన్నాడు చుక్కలాయన.

రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులిచ్చే అమ్మాయి తలెత్తి చూసింది. బేరం దగ్గర మొండికేసేవాళ్లను చూసింది గానీ, చేతికొచ్చిన పనిని కాలదన్నుకునే మనిషిని చూడటం ఇదే మొదలు.

అతని అసలు పేరు ఆమెకు తెలియదు. ప్రింటరు కార్ట్రిడ్జిల్లో పొడి నింపుతాడు. మూడేళ్ల కిందట, ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, పిలవకుండానే వచ్చి బజారు రేటులో సగానికే నింపుతానన్నాడు. ముదిమిలో నేర్చుకున్న విద్య అనేవాడు.

నింపాక ప్రతిసారీ ఒక కాగితం అచ్చు తీసేవాడు. దాని నిండా 0.5, 1.2, 3.7 లాంటి అంకెలే. కిటికీ దగ్గర నిలబడి, భూతద్దం పెట్టి, ఒక్కొక్క చుక్కా చూసుకునేవాడు. పట్టపగలు చుక్కలు లెక్కపెట్టే మనిషని ల్యాబంతా నవ్వుకుని ఆ పేరు పెట్టింది. అతనూ నవ్వేవాడు.

“కొత్త పొడే పోస్తారుగా, ఏమవుతుంది?”

“పొడిదేముందమ్మా. మూడుసార్లు నింపేసరికి దీని లోపల అచ్చువేసే డ్రమ్ము అరిగింది. అక్షరాలు బాగానే పడతాయి. చుక్కలే పడవు. కొత్తది కొనండి.”

కొత్తదాని ఖరీదుతో ఎనిమిదిసార్లు నింపించుకోవచ్చు. ఈ నెల ఖర్చు తగ్గకపోతే కౌంటర్లో ఇద్దరెందుకని ఓనరు నిన్ననే అన్నాడు. ఇద్దరిలో వెనక చేరింది తనే. ఇల్లంతా ఆ జీతం మీదే నడుస్తోంది. ఆ సంగతి దాచుకోకుండా అతనికి చెప్పింది.

అతను, కొత్తది కొంటే సగం డబ్బు తాను పెట్టుకుంటానన్నాడు.

అక్కడే ఆమెకు అనుమానం వచ్చింది. ఊరికే ఇచ్చేవాడికి ఇంకెక్కడో గిట్టుబాటు అవుతూ ఉండాలి.

“కొత్తవి అమ్మే కొట్టువాళ్లు మీకెంత ముట్టజెబుతున్నారు?” అంది. ఇకమీదట రానక్కర్లేదని కూడా అంది.

అతను భూతద్దం జేబులో వేసుకున్నాడు. సంచి సర్దుకున్నాడు. పోయినసారి తీసిన చుక్కల కాగితం బల్లమీద పెట్టి, రోజూ పొద్దున్నే ఇలాంటిదొకటి తీసి చూసుకోమని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ కాగితం టీ గ్లాసు కిందకు పనికొచ్చింది.

ఇంకొకతను వచ్చాడు. నాలుగోసారి నింపాడు. ఐదోసారీ నింపాడు. భూతద్దం లేదు, ప్రశ్నలు లేవు. ఓనరు ఆమెను మెచ్చుకున్నాడు.

రెండు నెలల తర్వాత ఒక డాక్టరు ఫోన్ చేశాడు. థైరాయిడ్ రిపోర్టులో 2.4 ఉండాల్సిన చోట 24 అని పడింది. అది నమ్మి ఒక ముసలావిడకు పెద్ద మోతాదులో మందు మొదలుపెట్టాడు. ఆవిడ గుండె తట్టుకోలేదు. ఆస్పత్రిలో ఉంది, బతుకుతుందో లేదో చెప్పలేమన్నాడు.

ఆమెకు ఏడుపు రాలేదు. భయం కూడా వేయలేదు. మనసు మొద్దుబారిపోయింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చానని మాత్రం అనుకుంది. టీ మరకల కాగితం ఇంకా బల్లమీదే ఉంది.

ఇలాంటి ఫిర్యాదు ఇదివరకు వచ్చిందేమో పాత ఫైళ్లు చూడమన్నాడు ఓనరు.

బీరువా అడుగున ఒకటి దొరికింది. ఏడేళ్ల నాటిది. రాసింది ఒక లెక్కల మాస్టారు. మీ రిపోర్టులో చుక్క పడలేదు, నా భార్య పోయింది, నాకు పరిహారమేమీ వద్దు, ఇంకొకరికి ఇలా జరగకుండా చూడండి చాలు అని ఉంది. దానికి ఎవరూ జవాబు రాసిన జాడ లేదు.

కింద ఫోన్ నంబరు ఉంది. ఇన్నేళ్లకైనా ఆయనకు ఎవరో ఒకరు క్షమించమని చెప్పాలనిపించింది.

ఒక్కొక్క అంకే చూసుకుంటూ నొక్కింది.

ఆఖరి అంకె నొక్కగానే, మూడేళ్ల కిందట తానే రాసిపెట్టుకున్న పేరు ఫోన్‌లో కనిపించింది: చుక్కలాయన.