రివర్స్ గేరు లేని మనిషి

కర్టెన్ తొలగించి వీధిలోకి చూశాడు కళ్ళజోళ్ళ షాపాయన. ఎవరూ లేరు. కర్టెన్ వేశాడు. వేసిన చెయ్యి వెనక్కి రాకముందే మళ్ళీ తొలగించాడు.

“ఎవరి కోసమండీ?” అంది భార్య.

“గాలి కోసం.”

“గాలి కనిపిస్తుందా?”

“కళ్ళజోళ్ళవాణ్ణి. నాకు అన్నీ కనిపిస్తాయి.”

ఆమె నవ్వి, మెత్తటి గుడ్డ ఒకటి తీసుకుని కిందికి దిగింది, కారు తుడవడానికి.

కింద ఎర్ర కారు. దూకబోయే ముందు నేలకు కరుచుకున్న పులిలా ఉంటుంది. స్టార్ట్ చేస్తే వీధి చివర పడుకున్న కుక్క లేచి నిలబడుతుంది. షికారుకని కొన్న కారు మనవాణ్ణి బేకారు చేసేలా ఉంది. నెలనెలా కిస్తీతో కుస్తీ. మూడు నెలలుగా ఆ కుస్తీ కూడా లేదు. కట్టాల్సిన వాయిదాను వాయిదా వేస్తున్నాడు. ఫైనాన్స్ కంపెనీ నుంచి మెసేజ్ వస్తే చదవకుండానే చెరిపేస్తున్నాడు. ఇవాళ వాళ్ళ మనిషి ఇంటికే వస్తానన్నాడు.

కొన్న రోజున ఎంత వాగాడని.

“నెలకు అంతంటే గుండె గుభేలుమంటుంది, నిజమే. రోజుకు లెక్కెయ్యి. గంటకు లెక్కెయ్యి,” అంటూ భాగహారం మీద భాగహారం చేసుకుంటూ పోయాడు. నిమిషం దగ్గరికి వచ్చేసరికి కారు దాదాపు ఊరికే వచ్చినట్టయింది.

“నిద్రపోయే నిమిషాలు కూడా కలిపారా?” అంది భార్య.

“కలిపాను. మనం నిద్రపోతున్నా అది మనదేగా.”

“అయితే నిద్రపోండి చూద్దాం.”

అక్కడితో ఆగాడా? షాపు ముందు అలాంటి కారు నిలబడితే గిరాకీ రెట్టింపవుతుందన్నాడు. మనసు హుషారుగా ఉంటే మందుల ఖర్చు మిగులుతుందన్నాడు. నలభై దాటినవాడికి వేగం కూడా ఒక విటమినే అన్నాడు. కారు ఒక్కటే, కారణాలు కోకొల్లలు.

బావమరిది ఊరుకోలేదు. “బావగారూ, ఇది కారు కాదు, ఒకటో తారీఖు రాగానే దిగబడే చుట్టం. ఈఎమ్ఐ కట్టీ కట్టీ మీరు ఏమై పోతారో. ఏడాది తిరక్కుండా మీరే అమ్మేస్తారు, రాసిస్తా.”

మనవాడికి పౌరుషం పొడుచుకొచ్చింది. “నా చేతులతో ఈ కారు అమ్మితే షాపు బోర్డు మీద నా పేరు చెరిపి నీ పేరు రాయిస్తా,” అన్నాడు, ఇంటిల్లిపాదీ వింటుండగా.

ఆ కారుకు రివర్స్ గేరు ఉంది. మనవాడికి లేదు.

భార్య మాత్రం ఆపైన ఒక్క మాట అనకుండా జామీను సంతకం పెట్టింది. మొదటిసారి అతను స్టీరింగ్ పట్టుకున్నప్పుడు పక్క సీట్లోంచి చూసి, “మీకు పెళ్ళినాటి ముఖం వచ్చిందండీ,” అంది. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు అతనికి చెమట పడుతోంది.

గిరాకీ పెరగలేదు. కారు చూసినవాళ్ళు, ఈయన దగ్గర ఫ్రేములు బాగా ఖరీదు కాబోలు అనుకుని పక్క షాపుకు పోయారు. పనివాళ్ళ జీతాలు వెనకబడ్డాయి. ఈ కారు ఇంకో రెండు నెలలు ఇంటి ముందుంటే షాపు షట్టరు పైకి లేవదు. అమ్ముదామంటే తల పైకి లేవదు.

భార్య కూడా ఎందుకో మారింది. పని చేసేది రక్తపరీక్షల ల్యాబులో. ఈ మధ్య సాయంత్రాలు ఆలస్యంగా వస్తోంది. అడిగితే, “అదనపు డ్యూటీ వేశారండీ,” అంటోంది. నా ముఖం చూడలేక కాబోలు అనుకున్నాడు.

కూర్చుంటే కుర్చీ కరుస్తోంది. లేస్తే నేల కాలుతోంది. వీధిలో ఏ బండి చప్పుడైనా గుండె ఒక గేరు మారుస్తోంది.

నిన్న కూడా డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు చాటున నిలబడి ఫోన్లో గొణిగాడు. “ఇంకో నెల అంటే నా వల్ల కాదు సార్. కాస్త దయ చూడండి.”

“రేపు నేనే వస్తాను. ఎదురుగా మాట్లాడుకుందాం,” అని అవతలాయన పెట్టేశాడు.

గేటు ముందు ఒక స్కూటరు ఆగింది.

మనవాడు మెట్లు రెండేసి దిగాడు. కుడికాలికి తన చెప్పు, ఎడమకాలికి ఆవిడ చెప్పు.

“లారీ వెనక వస్తోందా?” అన్నాడు.

“లారీ ఏంటి సార్?”

“అదే, కారు ఎక్కించుకుపోయే లారీ. కొంచెం మెల్లగా మాట్లాడండి. మా ఆవిడ వింటుంది.”

ఆవిడ అప్పటికే వింటోంది. బానెట్ మీద గుడ్డ ఆగిపోయింది. భర్త వీపు వెనక నిలబడి, వచ్చినాయన వైపు చూస్తూ, వద్దు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

మనవాడు వెనక్కి తిరిగాడు. ఆవిడ గబగబా అద్దం తుడవసాగింది.

వచ్చినాయన ఆయన్ని చూశాడు. ఆవిణ్ణి చూశాడు. హెల్మెట్ తీసి నింపాదిగా తల గోక్కున్నాడు.

“సార్, మూడు నెలలుగా మీరేమో వచ్చి కారు పట్టుకుపొండని మా ప్రాణం తీస్తున్నారు, మేడమ్‌గారేమో మీకు తెలియనివ్వొద్దని చెప్పి నెలనెలా కిస్తీ కట్టిపోతున్నారు, ముందు మీ ఇద్దరూ ఒక మాట అనుకుని మాకు చెబుతారా?”