తెరలు అక్కర్లేని ఇల్లు

“లీస్‌బెత్! నన్ను బదిలీ చేశారు! ఫ్యాక్టరీ కప్పు మీంచి దింపేశారు!”

ఆల్విన్ సైకిల్ని గోడకి ఆనించను కూడా లేదు, వదిలేశాడు. అది దబ్బున పడింది. పెనం మీద బంగాళాదుంపల అట్టు తిరగేస్తున్న లీస్‌బెత్ గరిటెతోనే పరిగెత్తుకొచ్చి అతని మెడకి చుట్టుకుంది.

పెళ్లయ్యాక ఆమె అంత హాయిగా నవ్వడం అదే మొదలు. యుద్ధం లేదు గానీ, వస్తుందని జర్మనీలోని ఆ రూర్ లోయలో అందరికీ తెలుసు. ఫ్యాక్టరీలో విమానదాడి డ్రిల్లు జరిగినప్పుడల్లా అందరూ నేలమాళిగలోకి దిగితే, ఆల్విన్ ఒక్కడూ గ్యాస్ మాస్కు తగిలించుకుని కప్పెక్కాలి. బాంబు ఎక్కడ పడిందో, విషవాయువు ఎటు కదులుతోందో కిందికి ఫోన్ చేసి చెప్పాలి. ఇప్పటికి ఉత్తుత్తి బాంబులే. నిజంవి పడిన రోజున? పోయిన యుద్ధంలో ఆ గాలి పీల్చి వచ్చిన నాన్న, మంచం మీద దగ్గి దగ్గి ప్రాణం వదలడం లీస్‌బెత్ కళ్లారా చూసింది. కిందటి డ్రిల్లులో ఆల్విన్ మాస్కులో ఊపిరాడక పడిపోతే స్ట్రెచర్ మీద దింపారు. మర్నాడే ఆమె ఇంజనీరు క్రోనర్ ఇంటి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

“ఎక్కడికైనా పంపండి బాబూ. ఆ ఫ్యాక్టరీలో మాత్రం వద్దు.”

“ఎక్కడికైనానా?” అన్నాడాయన, ఎటో చూస్తూ.

“ఎక్కడికైనా!”

ఇదిగో, ఇప్పుడు కనికరించాడు.

“ఎక్కడికి వేశారు?” అంది లీస్‌బెత్, అతని చొక్కాకంటిన నూనె తుడుస్తూ.

“ఊరవతల బీడులో కంపెనీ కొత్త షెడ్లు కట్టిందిగా! వాటికి కరెంటు పనివాణ్ని నేనే. ఇల్లు కూడా ఇచ్చారు.”

పక్కింటి కుంకెలమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. దాడులకి ముందే అలవాటు పడాలని రాత్రిళ్లు కిటికీలకి నల్లతెరలు వెయ్యమన్నారు; వీధిలో ఎవరింట్లోంచి వెలుగు బయటికొస్తోందో కనిపెట్టే పని ఆవిడదే.

“అట్టు మాడుతోంది పిల్లా! ఈ సంబరంలో రాత్రికి తెర వెయ్యడం మర్చిపోయేవు. నిన్న మళ్లీ సందులోంచి వెలుగు కనిపించింది. పైనున్నవాడికి చీకట్లో ఏ ఊరో తెలీదు. వెలుగు కనిపిస్తే చాలు, బాంబు తిన్నగా నీ పెనంలోనే!”

“మా పెనమే ఊరు దాటిపోతోంది పిన్నిగారూ!”

మాడిన అట్టుని ఆపిల్ గుజ్జుతో చెరిసగం తినేసి, ఆ సాయంత్రమే సైకిలెక్కారు. దారంతా ఊదారంగు పూలు. కొత్త ఇంటికి ఎర్ర తలుపు, గోడంత కిటికీలు, పెరట్లో ఓ కాయల చెట్టు. లీస్‌బెత్ ఖాళీ గదిలో గిర్రున తిరిగింది.

ఇంటి వెనక షెడ్లు.

“అచ్చం మన ఫ్యాక్టరీకి పుట్టిన పిల్లల్లా ఉన్నాయి!” అంటూ పొగగొట్టాన్ని వేళ్లతో తట్టింది. డొల్లగా మోగింది. “ఇదేంటి, చెక్కా?”

“తొందరలో కట్టినట్టున్నారు. లోపల యంత్రాలు కూడా ఇంకా రాలేదు. దీపాలు మాత్రం బోలెడు!”

కారు ఆగిన చప్పుడైంది. క్రోనర్ దిగి టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకోలేదు.

“మీ మేలు జన్మలో మర్చిపోం,” అంది లీస్‌బెత్. “కిటికీలకి తెరలు కుట్టుకుంటాను. నల్లగుడ్డే వెయ్యాలా?”

“తెరలు అక్కర్లేదమ్మా.”

“అస్సలు?”

“అస్సలు.”

ఆమె ఆల్విన్ చేతిని గట్టిగా నొక్కింది. పొద్దున్నే మంచం మీదికి ఎండ! నల్లగుడ్డల కంపూ లేదు, కుంకెలమ్మ కేకలూ లేవు.

క్రోనర్ ఆమె వంక చూడకుండా ఆల్విన్‌తో అన్నాడు: “రేపు చీకటి పడ్డాక డ్రిల్లు ఉంది. సైరన్ మోగగానే ఫ్యాక్టరీలో ఒక్క దీపం లేకుండా ఆర్పేస్తాం.”

“మరి ఇక్కడ?” అని నవ్వుతూ అడిగింది లీస్‌బెత్.

“ఇక్కడివన్నీ వెలిగించాలి.”