లెక్కలో ఒకరు

ఎదురుగా తాళాలమ్మే దుకాణంవాడు ఈమధ్య తనను చూసి నవ్వుతున్నాడు. తాళాల కంపెనీ యజమానికి అనుమానం అక్కడ మొదలైంది.

కొత్త తాళం ఇంకా బయటికి రాలేదు. ఉన్నదంతా దానిమీదే పెట్టాడు. దాని బొమ్మలు వెబ్‌సైట్‌లో ఒక చాటు పేజీలో ఉన్నాయి. ఆ పేజీ ఎక్కడుందో ముగ్గురికే తెలుసు: ఆయనకు, అమ్మకాలు చూసే బావమరిదికి, సైట్ నడిపే ప్రోగ్రామర్ అమ్మాయికి. విడుదలయ్యేదాకా ఎవరూ తెరవొద్దని గట్టిగా చెప్పాడు.

సైట్‌కి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టే సర్వీసు ఒకటుంది. రోజూ అందులోకి దూరి వెతుక్కునే ఓపిక ఆయనకు లేదు.

“ఆ పేజీ లెక్క పొద్దున్నే నా ఫోనుకొచ్చి పడాలి” అన్నాడు ప్రోగ్రామర్‌తో.

“అలా పంపే దారి వాళ్లు ఇవ్వలేదు సార్. మనమే కట్టుకోవాలి.”

“దొంగదారా?”

“దొడ్డిదారి. మీ పేరుతోనే లోపలికెళ్తుంది. మనిషిలాగే పేజీలు తెరిచి, చూసి, మీకు చెబుతుంది.”

“మనిషిలాగే అయితే దానిమీదా ఓ కన్నేసి ఉంచు” అన్నాడాయన, నవ్వకుండా.

మూలనున్న కంప్యూటర్లో ఆ ప్రోగ్రామ్ పెట్టింది. మర్నాడు ఆఫీసు తెరిచే వేళకు ఫోను వణికింది. ‘ఒకరు. మీ ఆఫీసు నెట్ నుంచే.’

బావమరిది టీ ఎంతసేపు తాగాడో, ఫోనులో ఎక్కడ గొంతు తగ్గించాడో, ఆ పూటంతా ఆయన అదే చూశాడు. మర్నాడూ ఒకరే. ఆ మర్నాడూ ఒకరే.

“పేజీ తెరిచావా?”

“మీరు వద్దన్నాక నాకేం పని బావా?”

“అయితే మీ అక్క తెరిచిందా?”

బావమరిది నడుముకున్న తాళంచెవుల గుత్తి విప్పి బల్లమీద పెట్టాడు.

“నాకా బుద్ధే ఉంటే బొమ్మలెందుకు బావా, తాళాన్నే ఎత్తుకుపోయేవాణ్ని.”

మళ్లీ గడప తొక్కలేదు. ఇంట్లో భార్య కంచం ముందు పెట్టి పక్కగదిలోకి వెళ్లిపోయింది.

పొద్దున్నే ఫోను వణికింది. ఒకరు.

ఆయన ఆ ఫోను ప్రోగ్రామర్ ముందుకు తోశాడు. “ఎక్కడో తేడా ఉంది. నేను రాసింది ఒక్కసారి చూసుకోనివ్వండి సార్.”

“చూసింది చాలమ్మా. ఇక దయచెయ్యి.”

మర్నాడు అందరికీ సెలవిచ్చేశాడు. తానొక్కడే పెందలాడే వచ్చి, లోపల గడియ పెట్టుకున్నాడు. ఎవడొచ్చినా చేతికి చిక్కాలని తలుపుకెదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కిటికీ రెక్క కూడా కదల్లేదు.

ఆయన ఊపిరి బిగబట్టి ఆ గడియ వంకే చూస్తుంటే, వీపు వెనక మూలనున్న కంప్యూటర్లో ఆ ప్రోగ్రామ్, ఎప్పటిలాగే ముందు తాళం పేజీని తానే ఒకసారి తెరిచి, అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాత దాన్ని ఎంతమంది చూశారో లెక్కపెట్టి, ఆయన ఫోనుకు ‘ఒకరు’ అని పంపింది.