మలుపుకో తెల్లరాయి

మబ్బుకొండ శిఖరం చూడాలని ఎక్కడెక్కడి జంతువులో వచ్చేవి. వాటికి దారి చూపేది ఒక ముసలి కొండమేక. ఈమధ్య దానికి మతిమరుపు మొదలైంది. నమ్మి వెంట వచ్చినవాళ్లను ఏ లోయలోకి నడిపిస్తానోనని బెంగపడి, మలుపు మలుపులో దిగవలసిన వైపున ఒక తెల్లరాయి పెట్టుకుంది.

ఒకరోజు మూడు కోతులు దాని వెనకాలే శిఖరమెక్కి కేరింతలు కొట్టాయి. దిగబోతుంటే పొగమంచు కమ్మింది. మొదటి మలుపులోనే తెల్లరాయి లేదు.

"రాయేదీ?" అంది మేక, నేలంతా వెతుకుతూ.

"మేమే తీశాం అవ్వా!" ఎర్రమూతి కోతి సంచి ఊపింది. "కొండెక్కామంటే మావాళ్లు నమ్మొద్దూ? మలుపుకొకటి ఏరుకున్నాం. రాయికింత రుసరుసలా? పద, చలేస్తోంది."

మేక కొమ్ములు వంచి అడ్డం నిలబడింది. "ఎటు పదమంటావు? ఒకవైపు దారి, ఒకవైపు లోయ. ఏది ఏదో నువ్వే చెప్పు!"

"మతిమరుపుదానివి, మమ్మల్నెందుకు తెచ్చావు?"

"మరిచిపోతానని తెలిసే రాళ్లు పెట్టుకున్నాను. నా గుర్తుల్ని సంచిలో వేసుకున్నది మీరు!"

కోతులు గబగబా రాళ్లు కుమ్మరించాయి. ఏ మలుపులో ఏ వైపు నుంచి తీశాయో ఒక్కదానికీ గుర్తులేదు.

"కుర్రబుర్రలు!" అని ఛీకొట్టి, మేక వాటిని మంచు విడేదాకా కదలనివ్వలేదు. విడిపోయి దారి కనిపించాక ప్రతి మలుపులోనూ వాటి చేతే రాయి పెట్టించింది.

తర్వాత ఆ మేక చాలా మరిచిపోయింది. ఆ మూడు మొహాలు మాత్రం మరిచిపోలేదు.